గోరు గీసిన తెల్ల గీత

చలికాలంలో ఒళ్లు తెల్లబారితే అది మురికి అని నేను నమ్మాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లన్నీ ఆ నమ్మకంతోనే గడిపాను. మరొకరైతే ఆ నమ్మకం వాళ్ల ఒంటితోనే పోయేది. నేను పంతులమ్మను, నా చేతికింద ఆడపిల్లలున్నారు. నేను నమ్మింది వాళ్ల కాళ్ల మీద, చేతుల మీద అమలైంది. అందుకే ఇది చెప్పుకోవాలి.

మాది జగిత్యాల పక్క పల్లె. అప్పట్లో అదంతా కరీంనగర్ జిల్లాయే. పోస్టింగు మాత్రం ఉమ్మడి ఆదిలాబాద్ ఏజెన్సీలో, ఒక ఆశ్రమ పాఠశాలలో వచ్చింది. పిల్లల్లో ఎక్కువమంది గోండులు, కొందరు కొలాములు. చలి అంటే ఏమిటో కరీంనగర్ వాళ్లకు తెలుసనుకుంటాం గానీ, గోదావరి దాటి ఉత్తరానికి పోయేదాకా తెలియదు. సిర్పూర్ (యు), గిన్నెదరి, అర్లి (టి) పేర్లు ఏటా డిసెంబరు, జనవరి నెలల్లో పేపర్లో చూస్తుంటాం, రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువ వణికేది అక్కడే అని. గట్టి చలి పడ్డప్పుడు తెల్లవారుజామున అయిదారు డిగ్రీలుంటుంది. మధ్యాహ్నానికి అదే ఊళ్లో ఎండ చురుక్కుమంటుంది. వానాకాలపు తేమ అక్టోబరుతో వెళ్లిపోతుంది. మబ్బు లేని ఆకాశం కింద నేల పగలు పట్టిన వేడినంతా రాత్రికి వదిలేస్తుంది. విదర్భ మీదుగా దిగి వచ్చే గాలిలో తడి ఉండదు. చల్లగాలి తనలో నీటిని ఎక్కువగా ఇముడ్చుకోలేదు. పొద్దెక్కి అది వేడెక్కేసరికి ఎక్కడ తడి దొరికితే అక్కడ పీల్చేస్తుంది. చేలల్లో పత్తికాయ పెట్లేదీ, మనుషుల పెదాలు పెట్లేదీ ఆ కాలంలోనే.

పొద్దున ప్రార్థనకు ముందు పిల్లల్ని వరుసగా నిలబెట్టి తనిఖీ చేసేదాన్ని. గోళ్లు, జడలు, చెవుల వెనక, మోచేతులు, పిక్కలు. నాకంటూ ఒక పరీక్ష ఉండేది. చూపుడువేలి గోరుతో పిల్ల ముంజేతి మీద ఒక గీత గీసేదాన్ని. తెల్లగా తేలిందంటే ఆ పిల్ల సరిగా తానం చేయలేదన్నమాట. వెనక్కి నల్లా దగ్గరికి పోయి, ఎర్ర సబ్బు పెట్టి, రాయితో రుద్దుకుని మళ్లీ రావాలి. రాత్రంతా ట్యాంకులో చల్లబడ్డ నీళ్లు. చలికి పళ్లు కొట్టుకుంటూ, పిక్కలు ఎర్రగా చేసుకుని తిరిగి వచ్చేవాళ్లు. ఒళ్లు ఇంకా తడిగా ఉండగా గీస్తే గీత తేలేది కాదు. చూశావా, రుద్దితే పోయింది అని సంతోషపడేదాన్ని. మధ్యాహ్నం భోజనాల వేళకు అదే చేయి మునుపటికన్నా తెల్లగా ఉండేది. అప్పుడు నేను చూసేదాన్ని కాదు.

జనవరిలో వరుసకు వరుసే నల్లా దగ్గరికి తిరిగి పోయేది. అది చూసైనా అనుమానం రావాలి. ఆగస్టులో ఇదే పిల్లలు, ఇదే సబ్బు, ఇదే నల్లా. ఒక్క చేతి మీదా గీత తేలేది కాదు. వానల్లో శుభ్రంగా ఉన్నవాళ్లు చలి రాగానే అందరూ ఒక్కసారి మురికివాళ్లు ఎట్లయ్యారు? నేను లెక్కలు చెప్పేదాన్ని. ఏది మారింది, ఏది మారలేదు అని చూడమని నల్లబల్ల ముందు రోజూ పిల్లలకు నేర్పుతూ, ఈ చిన్న లెక్క మాత్రం చేయలేదు.

ఆ గీత ఏం చెబుతుందో చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. చర్మం పై పొర చచ్చిన కణాల దొంతర. అందులో తగినంత నీరున్నంతసేపు ఆ కణాలు ఒకదానినొకటి అంటుకుని నునుపుగా ఉంటాయి. నీరు తగ్గితే ఎండి అంచులు లేస్తాయి. గోరు తగిలితే మరిన్ని లేస్తాయి, వాటి మీద వెలుతురు చెదిరి తెల్లగా కనబడుతుంది. నేను మురికిని చూడలేదు, దాహాన్ని చూశాను. పిక్కల మీద ఎక్కువ కనబడడానికీ కారణముంది. మోకాలి కింద నూనె గ్రంథులు చాలా తక్కువ, అరికాళ్లకైతే లేనే లేవు. నల్లటి ఒంటి మీద ఆ పొడితనం బూడిద రంగుగా దూరం నుంచే తెలుస్తుంది. ఎర్రటి ఒంటి మీద అంతే పొడితనం ఉన్నా కంటికి ఆనదు. మా బళ్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు రంగు తేలిన వాళ్లుండేవారు. వాళ్ల చేతుల మీద గోరు పెట్టాలని నాకు ఎక్కువగా తోచేది కాదు. ఒప్పుకోవడం కష్టంగా ఉన్నా ఇది చెప్పాలి. ఆ పిల్లల నలుపునూ, లేమినీ, వాళ్లు వచ్చిన అడవినీ కలిపి నేను మురికి అన్నాను.

అయిదో తరగతి పిల్ల ఒకతె తన ట్రంకుపెట్టెలో బట్టల కింద చిన్న సీసా దాచుకుంది. పిక్కలు పగిలి నెత్తురు చారలు కట్టిన పిల్ల. సీసాలో ఇప్ప నూనె. ఆ నూనెకు ఒక ఘాటు వాసన ఉంటుంది. క్లాసులో ఆ వాసన పట్టుకుని నేనే వెతికి తీశాను.

"అవ్వ ఇచ్చింది మేడం. కాళ్లు మండుతున్నయ్."

అంతకు మించి తెలుగు ఆ పిల్లకు రాలేదు. మిగతాది గోండీలో చెప్పింది. నాకు గోండీ ఒక్క ముక్క రాదు. నూనె రాసుకుంటే దుమ్ము అంటుకుంటుంది, అందుకే ఒళ్లు ఇట్లుంది అని చెప్పి సీసా తీసుకుని నా టేబులు సొరుగులో పెట్టేశాను. ఆ చలికాలమంతా అది అక్కడే ఉంది, పసుపు రంగు నెయ్యిలా పేరుకుని.

మాకు దూరం కాని మార్లవాయిలో 1943లోనే గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం నడిచింది. గోండులు చేసిన జోడేఘాట్ పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ పెట్టించిన కేంద్రం అది. పిల్లలకు వాళ్ల భాషలోనే మొదలుపెట్టాలని గోండీలో పుస్తకాలు కూడా వేయించారు. అర్ధ శతాబ్దం గడిచాక అదే ప్రాంతానికి నేను సబ్బు, రూళ్లకర్ర పట్టుకుని పోయాను, వాళ్ల భాష మాత్రం పట్టుకుపోలేదు. కాళ్లు ఎందుకు మండుతున్నాయో ఆ పిల్ల నాకు చెప్పింది. వినగలిగే చెవి నాకు లేకపోయింది.

ఇక నా సంగతి. నేనుండే గదిలో కట్టెల పొయ్యి మీద కాగు పెట్టుకుని, పొగలు కక్కే నీళ్లు పోసుకునేదాన్ని. చేయి పెడితే చురుక్కుమనే ఉడుకు నీళ్లు, రెండుసార్లు సబ్బు, చలి పోయేదాకా తానం. నా పిక్కలు పిల్లల పిక్కలకన్నా అన్యాయంగా పగిలాయి. చీర కింద ఎవరికీ కనబడేవి కావు కాబట్టి నన్ను ఎవరూ నల్లా దగ్గరికి పంపలేదు. అసలు సంగతి ఏమిటంటే, చల్లని నీళ్లు పిల్లల్ని ఏడిపించాయి గానీ వాళ్ల చర్మంలోని కొవ్వును నా ఉడుకు నీళ్లంతగా కరిగించలేదు. మామూలు సబ్బు క్షార గుణం కలది, దాని పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మానిది 5 దరిదాపుల్లో ఉంటుంది. బోరు నీళ్లలో సున్నపు లవణాలెక్కువ, సబ్బు సరిగా నురగ రాదు. రాలేదని ఇంకా రుద్దుతాం, కడిగినా అది పూర్తిగా వదలదు. కణాల మధ్య ఉండే సహజమైన కొవ్వు పోయాక లోపలి నీరు ఆపేవాళ్లు లేక గాలిలో కలిసిపోతుంది. ఎండాకాలం మన ఇళ్లల్లో పెట్టుకునే రంజన్ మట్టి సందుల్లోంచి చెమర్చి తనలోని నీటిని కొంచెం కొంచెంగా పోగొట్టుకున్నట్టే, చలికాలంలో నా ఒళ్లు చేసింది. రంజన్ చెమర్చితే నీళ్లు చల్లబడతాయి, ఒళ్లు చెమర్చితే పగులుతుంది.

మా అమ్మ ఈ ఫిజిక్సు చదవలేదు. ఆదివారం వచ్చిందంటే మంచి నూనె వెచ్చచేసి నెత్తికీ పెయ్యికీ పెట్టి, శనగపిండితో నలుగు పెట్టి తానం పోసేది. సబ్బు ముఖానికి, చంకలకు అంతే. మా దిక్కు నువ్వు పంట ఎక్కువ, గానుగ నూనెకు కరువు లేదు. ట్రైనింగుకు పట్నం పోయాక నేను ఆ నూనెను చూస్తేనే సిగ్గుపడ్డాను. సెలవుల్లో ఇంటికొస్తే, "గింత నూనె రాసుకుంటె ఏమైతదే బిడ్డా, కాళ్లు చూడు ఎట్లైనయో" అని గిన్నె పట్టుకుని వెంట తిరిగేది. పల్లెటూరిదాన్నంటారని విసుక్కునేదాన్ని. అదే విసుగు తర్వాత ఇంకొకరి బిడ్డ సీసా మీద చూపించాను.

పుష్య మాసంలో నాగోబా జాతర వచ్చింది. మెస్రం వంశం వాళ్లు జన్నారం దగ్గరి హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు కాలినడకన కేస్లాపూర్‌కు తెస్తారు. అమావాస్య రాత్రి ఆ నీటితో పూజ. ఏడాదిలో చలి గట్టిగా ఉండే రోజులవి. పిల్లలు ఇళ్లకు పోయారు, నేనూ ఇంకో టీచరూ జాతరకు పోయాం. అక్కడ ఆ పిల్ల తన అవ్వతో ఎదురైంది. మనవరాలి కాళ్లు నిగనిగలాడుతున్నాయి. ఇల్లు చేరిన కొద్ది రోజులకే పగుళ్లు పూడి కొత్త చర్మం వచ్చింది. ముసలమ్మ నన్నేమీ అనలేదు. నా చేయి పట్టుకుని తిప్పి చూసింది. సుద్ద పట్టి పట్టి వేళ్ల కణుపుల దగ్గర చీలికలున్నాయి. నడుముకు కట్టుకున్న గుడ్డలోంచి నూనె గడ్డ ఇంత తీసి, అరచేతిలో కరిగించి, నా వేళ్లకు రాసింది. రాసే ముందు చెంబులోని నీళ్లతో నా చేతులు తడిపింది. అప్పుడు ఆ తడపడం నేను పట్టించుకోలేదు. అసలు కిటుకు అందులోనే ఉంది.

బుద్ధి అక్కడితో వస్తే బాగుండేది. రాలేదు. చేతుల మంట తగ్గిందని నూనెను ఒప్పుకున్నాను గానీ ముఖం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పాత సిగ్గే. బుగ్గల మీద పొలుసులు లేస్తున్నాయని బస్టాండు దగ్గరున్న ఒక మెడికల్ షాపులో అడిగాను. "ఇది రాయుండ్రి మేడం, మూడొద్దులల్ల నున్నగైతది" అని చిన్న ట్యూబు చేతిలో పెట్టారు. నిజంగానే నున్నగైంది, పైగా కొంచెం తెల్లబడ్డాను కూడా. ఎంత సంతోషపడ్డానో! ఆ తర్వాత ప్రతి చలికాలం అదే కొన్నాను, తర్వాత ఎండాకాలం కూడా. మానేస్తే బుగ్గలు మండి ఎర్రగా కందిపోయేవి, అందుకని మళ్లీ రాసేదాన్ని. అందులో ఉన్నది క్లోబెటసాల్, చర్మానికి వాడే స్టిరాయిడ్లలో అన్నిటికన్నా బలమైనవాటిలో ఒకటి. సోరియాసిస్ లాంటి జబ్బులకు డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాల్సిన మందు. ముఖానికి నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి నెత్తుటి నాళాలు పైకి తేలుతాయి, మొటిమలు, రోమాలు వస్తాయి. ఇవన్నీ నాకు వచ్చాయి. చర్మవైద్యుల సంఘం ఏళ్లుగా మొత్తుకున్నాక 2018లో కేంద్ర ప్రభుత్వం స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. ఇప్పటికీ అడిగితే ఇచ్చే దుకాణాలున్నాయి. అడిగేవాళ్లం మనమే.

కరీంనగర్‌లో ఒక చర్మ వైద్యురాలి దగ్గరికి పోయాను. ముఖం చూడకముందే ఆమె అడిగింది ఏం నీళ్లు, ఎంతసేపు, ఏ సబ్బు అని. కాళ్లు చూపించమంది. పాతికేళ్లుగా చీర కింద దాచిన పిక్కలు చూపించాను. ఆమె చెప్పిన ఒక ప్రయోగం నా మొత్తం తప్పును ఒక్క మాటలో విప్పింది. 1952లో ఇర్విన్ బ్లాంక్ అనే అమెరికా శాస్త్రవేత్త గట్టిపడ్డ చర్మపు పొర ముక్కను ఎండబెట్టి పెళుసుగా చేశాడు. దాన్ని నూనెల్లో నానబెడితే మెత్తబడలేదు. నీళ్లు తగిలితేనే మెత్తబడింది. చర్మాన్ని మెత్తగా ఉంచేది నీరు. నూనె పని ఆ నీటిని లోపల పట్టి ఉంచడం. ఎండిన కాళ్లకు మిట్టమధ్యాహ్నం నూనె పట్టిస్తే మెరుపే తప్ప సుఖం ఉండదు. తానం చేసిన వెంటనే, ఒళ్లు తడిగా ఉన్నప్పుడే, ఆ తడి మీద రాయాలి. కేస్లాపూర్‌లో ముసలమ్మ చెంబులోని నీళ్లతో నా చేతులు ఎందుకు తడిపిందో ఆ రోజు, ఆ ఆస్పత్రి గదిలో నాకు తెలిసింది.

ఏ నూనె అన్నది దాని తర్వాతి ప్రశ్న. 2004లో ఫిలిప్పీన్స్‌లో పొడి చర్మం ఉన్నవాళ్ల మీద కొబ్బరి నూనెనూ, మినరల్ ఆయిల్‌నూ పోల్చి చూస్తే రెండూ సమానంగానే పనిచేశాయి. 1872లో పేటెంటు పొందిన వాజలిన్ అనే పెట్రోలియం జెల్లీ, నీరు బయటికి పోకుండా ఆపడంలో ఇప్పటికీ అన్నిటికన్నా ముందుంది, ధరకూ అందుబాటులోనే ఉంటుంది. మడమల పగుళ్లకు రాత్రి కాళ్లు నానబెట్టి, తుడిచి, అది దట్టంగా పట్టించి మేజోళ్లు వేసుకుంటే చాలు. పగుళ్లు లోతైతే యూరియా కలిసిన క్రీము వాడాలి. ఆదిలాబాద్ చలికి కొబ్బరి నూనె సీసాలోనే గడ్డ కడుతుంది, తానానికి ముందు ఎండలో పెట్టుకోవాలి. నీళ్లు గోరువెచ్చగా, తానం త్వరగా, సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు. స్వెట్టరు కింద నూలు బట్ట. ఇంతే. ఖర్చుతో కూడినది ఒక్కటీ లేదు.

చలిమంట గురించి విడిగా చెప్పాలి. మా పిల్లలు పొద్దున్నే మంట చుట్టూ కూర్చునేవాళ్లు. కొందరి పిక్కల ముందు భాగంలో వల అల్లినట్టు గోధుమ రంగు గీతలుండేవి. అవీ మురికే అని రుద్దించాను. ఒంటిని రోజూ మంటకు దగ్గరగా కాచుకుంటే వచ్చే మచ్చలవి. కశ్మీరులో కాంగిడీ కుంపటి పెట్టుకునేవాళ్లకు ఇవే వస్తాయి. రుద్దితే పోవు, మంటకు దూరం జరిగితే మెల్లగా తగ్గుతాయి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. తెల్లగా, పొడిగా ఉన్న ప్రతి మచ్చనూ మురికి కింద జమకట్టినదాన్ని, వాటిలో చెమట పట్టనివీ, స్పర్శ లేనివీ ఉన్నాయేమో ఒక్కసారీ చూడలేదు. కుష్ఠు మొదట అట్లాగే కనబడుతుంది. 1915లో ఇసబెల్ కెర్ కుష్ఠు ఆస్పత్రి మొదలుపెట్టిన డిచ్‌పల్లి మా జగిత్యాలకు పెద్ద దూరమేం కాదు. చిన్నప్పటి నుంచి ఆ ఊరి పేరు వింటూ పెరిగాను. అయినా నా చేతిలో గోరే ఉంది గానీ, దూదితో తాకి చూసే ఓపిక లేకపోయింది. ఎంతమంది పిల్లలు ఆ వరుసలో నా ముందు నిలబడి పోయారో తలుచుకుంటే నిద్ర పట్టదు.

రిటైరయ్యే ముందు చివరి చలికాలాల్లో తనిఖీ మానలేదు, గీత గీయడమూ మానలేదు. గీత తేలిన పిల్లను నల్లా దగ్గరికి పంపడం మానేశాను. ఎవరికి నూనె ఎక్కువ కావాలో చూసుకోవడానికే గీసేదాన్ని. తానాల గది తలుపు పక్కనే నూనె గిన్నె పెట్టించాను. క్లాసులో పెడితే అప్పటికే తడి ఆరిపోతుంది. ఇళ్ల నుంచి ఇప్ప నూనె తెచ్చుకున్నవాళ్లను అదే రాసుకోమన్నాను. వాసన సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తేదాన్ని నేనొక్కదాన్నే.

మొన్నామధ్య ఉట్నూరు బస్టాండులో ఒకామె వచ్చి నమస్తే పెట్టింది. చంకలో రెండేళ్ల పిలగాడు. సీసా దాచుకున్న పిల్ల. ఆ సీసా సంగతి నేనే ఎత్తి, తప్పు చేశానమ్మా అన్నాను.

"యాదికుంది మేడం. రోజూ గుడగుడ ఏడ్సేదాన్ని." అంతే అంది. పర్వాలేదు అనలేదు. అనాల్సిన పనీ లేదు.

పిలగాడు ఒకటే గోక్కుంటున్నాడు. "సలికి పెయ్యంత దురద పుడ్తుంది వీనికి. ఇప్ప నూనెనే రాస్తున్న, తగ్గుతలేదు" అంది. ఈసారి చేయి పట్టుకుని చూశాను. పిక్కలు నున్నగానే ఉన్నాయి. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర సన్నటి పొక్కులు. రాత్రి ఎక్కువైతుందా అంటే అవునంది. ఇంట్లో ఇంకెవరికన్నా అంటే ఆడపడుచుకూ ఉందంది.

"ఇది సలి పగులు కాదమ్మా, గజ్జి అనిపిస్తుంది. నూనెతోని పోదు. దవాఖానకు పో, డాక్టరుకు చూపెట్టు. పర్మెత్రిన్ మందు రాసిస్తే ఇంట్ల అందరూ ఒకటే రాత్రి పూసుకోవాలె, దురద లేనోళ్లు కూడ. తెల్లారి కడుక్కోవాలె, వారానికి మళ్లొకసారి. బట్టలు, దుప్పట్లు ఉడుకు నీళ్లల్ల నానబెట్టి ఎండల ఆరెయ్యి."

అందరూ ఒకటే రాత్రా అని ఆమె మళ్లీ అడిగింది. ఎందుకో చెప్పాను. ఒకరికి మిగిలినా ఆ పురుగు తిరిగి అందరికీ ఎక్కుతుంది. ఆమె తన ఫోనులో భర్తకు గోండీలో ఏదో చెప్పి, బస్సు వదిలేసి పిలగాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రి వైపు నడిచింది.